మారికుప్పము: గనులు మూతపడిన పిదప

పొట్ట చేతబట్టుకొని ఊరు విడచుట చిత్తూరు సీమవారికి కువైట్‌తో మొదలైనది కాదు. నేడు కువైట్‌లోని అబ్బాసియా వీథులలో చెవినిబడు పలమనేరు, కుప్పము, వి. కోటల పలుకుబడియే, నూరేండ్లకు పూర్వము మైసూరు సంస్థానపు తూర్పుటంచున మారికుప్పము, ఉరిగాము అను చిన్న పల్లెల చుట్టు వెలసిన కోలారు బంగారుగనుల లైన్లలో (కార్మికుల వరుస యిండ్లలో) వినబడుచుండెడిది.

అచ్చటి బంగారము దొరలు కనిపెట్టినది కాదు. టిప్పు సుల్తాను పతనానంతరము సరిహద్దులు కొలుచుచు 1802లో వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్, గ్రామస్థులు బండ్లకొలది మన్ను తెచ్చి కడిగి పసిడిరేణువులను వేరుచేయుట కన్నులార చూచెను. 1875లో లావెల్ అను ఐరిషు సైనికుడు గని త్రవ్వుటకు అనుమతిని సంపాదించెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించెను. 1894 నాటికి బౌరింగుపేట నుండి మారికుప్పమునకు రైలు వచ్చెను. 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చి గనులను వెలిగించెను. బెంగుళూరు వీథులకు ఆ భాగ్యము మూడేండ్ల తరువాతగాని అబ్బలేదు.

ఆ వెలుగు కార్మికుల వాడలకు చేరలేదు. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానము. కూలివారికి తట్టి యిండ్లు. వెదురుతడికలే గోడలు, వంగి దూరవలసిన వాకిలి, ఇంటిల్లిపాదికి ఒక్కటే గది. రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొని పుట్టిన సిలికోసిసు దగ్గు ఒక యింట మొదలైన, రాత్రియంతయు ప్రక్కయింటివారికిని నిదుర యుండెడిది కాదు. గని క్రమముగా మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను; ఒత్తిడికి లోనైన శిల అకస్మాత్తుగా బ్రద్దలై మనుష్యులను పూడ్చివేయు ప్రమాదము లోతుతో పాటు పెరిగెను.

అట్టి బ్రతుకులోనే వారొక సమాజమును నిర్మించుకొనిరి. ఇంట తెలుగు, లైనులో తమిళము, కచేరిలో కన్నడము. ఒక వీథిలో మారియమ్మ గుడి, మరియొక వీథిలో చర్చి. తమిళ బౌద్ధ సంస్కర్త పండిత అయోత్తిదాసు బోధనల ప్రభావమున మారికుప్పమున బౌద్ధసంఘము వెలసినది. అంటరానివారని ఊరు వెలివేసిన వారి బిడ్డలు అక్షరములు దిద్దుకొని సభలలో నిలిచి మాటలాడిరి. నా దృష్టిలో ఆ నేల ఇచ్చిన బంగారమునకన్న ఇది గొప్పది. 1930లో యాజమాన్యము కార్మికులను వ్రేలిముద్రలతో నమోదు చేయబూనగా, తమ్ము నేరస్థులుగా నెంచుటయే యిది యని వేలమంది పని మానివేసిరి. కువైట్‌లో అకామా (నివాసానుమతి) కొరకు పది వ్రేళ్ళ ముద్రలొసగి మరునాడే పనికిపోయిన మనకు, ఆ వ్రేళ్ళు ముడుచుకొనుటలోని ఆత్మగౌరవ మెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. 1962లో అవి కేంద్రము చేతికి వచ్చెను. ఖనిజములో బంగారపు పాలు తగ్గి, త్రవ్వకపు వ్యయము పెరిగి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. అయినను మారికుప్పము పాడుపడలేదు. ఒకనాడు యంత్రములను మోసిన రైలుమార్గముననే నేడు వేలమంది తెల్లవారకముందే బెంగుళూరునకు పనికిపోయి, చీకటిపడిన పిదప ఇల్లు చేరుచున్నారు. సయనైడుతో శుద్ధిచేయగా మిగిలిన మట్టి దిబ్బలు కొండలవలె ఊరి నడుమ నిలిచియున్నవి. గాలి వీచినపుడెల్ల ఆ ధూళి ఇండ్లలోనికి వచ్చుచునేయున్నది.

కంపెనీ లెక్కలు భద్రముగా నున్నవి. కార్మికుని చరిత్రలో ఎక్కువ పాలు ఇంటి పెద్దల నోటనే నిలిచియున్నది. ఈ వ్యాసమును చదువు చిత్తూరు, కోలారు సీమల సోదరులారా, మీ తాతలలో ఎవరైనను ఆ గనులలో దిగినవారున్నచో, ఈసారి సెలవునకు పోయినప్పుడు ఏ షాఫ్టున దిగిరో, ఏ లైనున కాపురముండిరో అడిగి వ్రాసికొని రండు. చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.