కుప్పంలో లేని సముద్రం

మాది కుప్పం. మద్రాసులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరి పేరు చెప్పగానే ఒక తమిళ కొలీగ్ "చేపలు పట్టే ఫ్యామిలీయా?" అనడిగాడు. తమిళంలో కుప్పం అంటే జాలర్ల పల్లె లెండి. మా ఊరికి సముద్రం రెండొందల కిలోమీటర్ల పైమాటే! నవ్వేసి ఊరుకున్నా గానీ, ఆ జాలర్ల గురించి చదవడం మాత్రం అప్పుడే మొదలెట్టా.

మన చరిత్ర పుస్తకాల్లో ముత్యాలకి కొదవలేదు. 1244 నాటి మోటుపల్లి శాసనంలో గణపతిదేవుడు సముద్ర వర్తకులకి అభయమిచ్చాడు. సుంకం ముప్పైకి ఒక వంతే అన్నాడు. ఆ సరుకుల పట్టికలో కర్పూరం, దంతాలతో పాటు ముత్యాలూ ఉన్నాయి. బావుంది. మరి ఊపిరి బిగబట్టి అడుక్కి దిగి ఆ చిప్పలు తెచ్చినవాడి సంగతేంటి?

అదే శతాబ్దం చివర్లో మార్కోపోలో దక్షిణాదిన ముత్యాల వేట గురించి రాశాడు. రాజుకి పదో వంతు. సొరచేపలు రాకుండా మంత్రం వేసేవాళ్ళకి ఇరవయ్యో వంతు. మునిగేవాళ్ళకి? కూలి! మంత్రానికి వాటా, ఊపిరికి జీతం అన్నమాట.

సింహళంలో 1905 వేట నాటికి కాస్త నయం. చిప్పల్లో మూడో వంతు మునిగినవాళ్ళకి దక్కేది, మిగతాది సర్కారు వేలం వేసేది. ఆ ఒక్క ఏడే ఎనిమిది కోట్ల చిప్పలు తీశారట. మరుసటి ఏడు ఆ వేటని ఒక లండన్ కంపెనీకి లీజుకిచ్చారు. కొద్ది కాలానికే చిప్పలు కనపడకుండా పోయాయి, కంపెనీ మూతపడింది. ఇటు తూత్తుకుడిలో 1961తో వేట ఆగిపోయింది. 1973లో అక్కడి దగ్గర్లోనే మన సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళు చిప్పల్ని పెంచి ముత్యం తీశారు. గొప్ప విజయమే. కానీ అప్పటికి మునిగేవాడి పని ఎప్పుడో పోయింది.

మన తీరం కథ ఇంత మెరుపుది కాదు. కాకినాడ అఖాతంలో ఏరేది గుల్లలు. ముత్యాల కోసం కాదు, సున్నం కోసం. మా అవ్వ రోజూ తమలపాకుకి సున్నం రాసుకునేది. గుల్లల్ని కాల్చి సున్నం చేస్తారని నాకు ఉద్యోగమొచ్చాకే తెలిసింది!

మనం రాసిన కోడ్ మీద మన పేరుండదని రోజూ గొణుక్కుంటాం. సరే, నెల తిరిగితే జీతం వస్తుంది, ఊపిరికి ఢోకా లేదు. హంపీలో ముత్యాలు రాశులు పోసి అమ్మారని చెప్పుకునేటప్పుడు, వాటిని పైకి తెచ్చినవాళ్ళని కూడా ఒక్క వాక్యంలో తలుచుకుంటే మన సొమ్మేం పోతుంది?