కలివికోడి పిలుపు

కడప జిల్లాలో పెన్నానది ఒడ్డున సిద్ధవటం ఉన్నది. అక్కడి కోటను చూడవచ్చేవారు సాధారణంగా పొద్దు గూకకముందే తిరుగుముఖం పడతారు. ఊరికి ఆవల, లంకమల కొండల పాదాన, చిట్టడవి నడుమ సాగే దారులమీద అసలు విశేషం పొద్దు గూకిన తరువాతనే మొదలవుతుంది. కన్నులకు పని తగ్గి చెవులకు పని పెరిగే వేళ అది. రేడియో ముందు కూర్చుండి, కనపడని మనిషిని గొంతునుబట్టి పోల్చుకొనే శ్రోతలకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

మొదట తీతువు కూస్తుంది. దాని కూత అశుభమని మనవారు అనవసరంగా దానిని ఆడిపోసుకున్నారు. తన గూటివైపు ఎవరో వస్తున్నారని అది పెట్టే కేక అది. తరువాత పైడికంటె కిచకిచలు. ఇంకా చీకటి పడితే నైట్‌జార్ అనే పిట్ట దారిమధ్యనే నేలకు కరచుకొని కూర్చుంటుంది. గట్టి నేలమీద గోలీ వదిలితే అది ఎగిరెగిరి, చివరకు గలగలమని ఆగినట్లుంటుంది దాని పలుకు. బండి దీపం పడినప్పుడు మాత్రం రెండు నిప్పుకణికలవంటి కన్నులు కనిపిస్తాయి. ఇవన్నీ తెలిసిన గొంతులే. వీటి నడుమ ఒక్కొక్కనాడు, సూర్యాస్తమయమైన ముప్పాతిక గంటకు, రెండక్షరాల చిన్న పిలుపొకటి వినవస్తుంది. కొన్నిమార్లు వెంటవెంటనే పలికి, కొద్ది నిమిషాలలో ఆగిపోతుంది. అది కలివికోడి. ఆ కొద్ది నిమిషాలను పట్టుకొనడానికి పండితులకు నూటయేభై సంవత్సరాలు పట్టింది.

మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ అనే ఇంగ్లీషువాడు మన ప్రాంతాల పక్షులను శ్రద్ధగా సేకరించాడు. ఆయన పేర ప్రసిద్ధమైన ఈ పక్షిని 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రొమ్ముమీద రెండు పట్టెలున్నవి గనుక లాటిన్ పేరులో ఆ రెండు పట్టెలనూ చేర్చారు. తరువాత గోదావరి లోయలో బ్లాన్‌ఫర్డ్‌కు కనబడింది. 1900లో అనంతపురం చెంత హోవర్డ్ క్యాంబెల్‌కు కనబడింది. అంతే. ఆ తరువాత 86 సంవత్సరాలు దాని జాడలేదు. సలీం అలీ అంతటివాడు వెదకించినా దొరకలేదు. అంతరించిన జాతులలో దానిని లెక్కవేసినవారూ ఉన్నారు.

దొరకకపోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తున్నది. అది రాత్రి సంచరించే పక్షి. వెదికినవారిలో చాలామంది పగలు వెదికారు. రాతినేలల్లో ముళ్లపొదల నడుమ పగలంతా కదలక మెదలక ఉండే పక్షి, పది అడుగుల దూరంలో ఉన్నా మనిషి కంటబడదు. పైగా కలివి పొదల్లో తిరిగే కోడి అని పల్లెవారు దానికి ఎంత చక్కని పేరు పెట్టుకున్నారో చూడండి! పక్షి పోయిందని పుస్తకాలు వ్రాసుకొంటున్న కాలంలోనే పేరు మాత్రం ఆ పల్లెల్లో బ్రతికి ఉన్నది.

ఆ పేరే చివరకు దారిచూపింది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం పక్షాన భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు పక్షి బొమ్మ చేతబట్టుకొని ఊరూరా విచారించాడు. 1986 జనవరిలో, సిద్ధవటానికి సమీపాన, పిట్టలు పట్టడంలో ఆరితేరిన ఒక గ్రామీణుడు రాత్రివేళ దీపపు వెలుగులో ఒకదానిని పట్టి తెచ్చాడు. పాపం, కొద్దిదినాలకే అది మరణించింది. అయితేనేం, జాతి ఉన్నదని రుజువైంది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తపాలాబిళ్లమీద కూడా కలివికోడి బొమ్మ అచ్చయింది.

ఉన్నదని తెలిసింది, ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరు చెప్పగలరు? పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలు చదివారు. దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు అమర్చారు. అన్నిటికంటె మేలైన సాధనం మునిమాపువేళ చెవి ఒగ్గి నిలుచోవడమే అయింది. దాని పిలుపును తొలిసారి ముద్రించిన వృత్తాంతం 2004లో ప్రకటితమైంది. అటుపైన ఆ ముద్రణను అనుమానమున్న చోట్ల వినిపించి, చీకటిలోనుండి బదులు వస్తుందేమోనని కాచుకునేవారు.

ఆ వెనువెంటనే, 2005లో, తెలుగుగంగ కాలువ త్రవ్వకం ఆ చిట్టడవిలోనికే వచ్చిపడింది. మద్రాసు నగరానికి త్రాగునీరు, రాయలసీమ పొలాలకు సాగునీరు కావలసిందే. కాదనే సాహసం ఎవరికీ లేదు. కాని ముళ్లపొదలున్న నేలను బీడని పిలవడం మన కాగితాలకు అలవాటు. బీడన్న తరువాత దానిని త్రవ్వడానికి అడ్డేమున్నది? అదృష్టవశాత్తు పక్షి విన్నపం కోర్టు చెవిని చేరింది. కాలువ త్రోవ మార్చుకొని, పక్షి ఉనికిని చుట్టి పోయింది.

ఆ తరువాత, ఆశ్చర్యంగా, పిలుపు మళ్లీ మాయమైంది. పదేళ్లకు పైగా నమ్మదగిన జాడ లేదు. ఉన్న కొద్దిపాటి పక్షులూ పోయాయని దిగులుపడినవారు అనేకులు. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రేమికులు కడప సీమకు వచ్చి, చీకటిపడే వేళ చెవి యొగ్గి నిలుచున్నారు. పొదల చాటునుండి ఆ రెండక్షరాలు వినవచ్చాయి. వారు వాటిని ముద్రించుకొన్నారు.