తెనాలి నవలలో కలగలుపు

మద్రాసునుండి బెజవాడకు పోవు రైలుమార్గము బాపట్ల మీదుగా తెనాలి చేరును. తెనాలిలో ఒక శాఖ చీలి రేపల్లెకు పోవును. 2022లో బాపట్ల, రేపల్లెలు కొత్త జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. కాని సాహిత్యచరిత్రలో ఈ గడ్డ ఒకటే.

తెనాలి నవల పాశ్చాత్యుల అనుకరణమని కొందరందురు. ఆ మాట సగమే నిజము.

త్రిపురనేని రామస్వామి చౌదరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివి వచ్చి, తెనాలిలో సూతాశ్రమమును కట్టుకొన్న హేతువాది. పురాణములను ఖండించుటకు ఆయన ఎన్నుకొన్న రూపమేది? పురాణమే! 'సూతపురాణము' పద్యములలో వెలసినది. కుమారుడు గోపీచంద్ (1910–1962) పద్యమును వదలెను గాని కలగలుపును వదలలేదు. 1940ల నడిమి కాలమున వచ్చిన 'అసమర్థుని జీవయాత్ర'ను మనస్తత్త్వ నవల యందురు. ఫ్రాయిడ్, ఆడ్లర్‌ల నీడ దానిపై కలదు. అయినను సీతారామారావు మనస్సులోని ఘోష వినుచుండగానే కథ వాదముగ మారును, వాదము వెక్కిరింతగ మారును. నడుమ రామయ్యతాత పల్లె మాటలతో ఆ మేధావికి బదులు చెప్పును. వంశప్రతిష్ఠకై ఆస్తిని పోగొట్టుకొని, భార్యను బాధించి, తుదకు శ్మశానము చేరిన ఆ మనిషి విదేశీయుడా? అట్టివాడు మన ఊళ్లలో ప్రతి వీధియందును కనిపించును. ప్రశ్నించుట నేర్పిన తండ్రికే ఆ నవల అంకితము.

చీనాలోను ఇట్లే జరిగినది. లూషున్ 1918లో ప్రకటించిన 'పిచ్చివాని దినచర్య'కు పేరు రష్యను రచయిత గొగోల్‌ది. పీఠిక ప్రాచీన గ్రాంథిక చీనాభాషలో, దినచర్య వాడుకభాషలో నున్నవి. ఆ రెంటి రాపిడియే కథ.

తెనాలిలోనే 1909లో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు మార్గము వేరు. 'చదువు'లో సుందరము బాల్యకథ, దేశచరిత్ర ఒకే దారమున నడచును. ఆ నవలను గూర్చి వేరే ప్రసంగము కావలెను.

గోపీచంద్ మరణానంతరము, 1963లో, 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'కు సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. నవల నడుమ తత్త్వచర్చ లేలయని విసుగుకొన్న పాఠకులును లేకపోలేదు. నాకును ఒకటిరెండు చోట్ల ఆ విసుగు కలిగినది.

'కీలుబొమ్మలు' రచించిన జి.వి. కృష్ణారావు ఈ ప్రాంతమువాడే. పాశ్చాత్య తత్త్వశాస్త్రమున ఆరితేరిన ఆయన, పరిశోధనకు మాత్రము పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను పట్టెను. పదునారవ శతాబ్దపు ఆ పద్యకావ్యమున, కథలో కథ చిక్కుపడి, ముందు జరిగినది వెనుక తెలియుచుండును. ఇంగ్లీషు నవల ఇంకను పుట్టని కాలమది.