వేలానికి అనుమతి: గుంటూరు సీమలో లైసెన్సు, మధ్యవర్తి, రైతు

మిర్చి, పత్తి పండే గుంటూరు సీమలో సరుకును వేలం వేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న రైతుకు దక్కే ధరతో ముడిపడినది. పెదకాకాని వంటి పరిసర గ్రామాల రైతు మిర్చిని గుంటూరు యార్డుకు తెచ్చినపుడు అమ్మకం కమీషన్ ఏజెంటు ద్వారా సాగుతుంది. ఆ ఏజెంటుకు అర్హతనిచ్చేది లైసెన్సు.

గుడ్డ చాటున వేళ్లతో ధర తేల్చే రహస్య బేరాలు, తూకంలో మోసాలు, అనధికార కోతలు దేశమంతటా ప్రబలిన నేపథ్యంలో, 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ నియంత్రిత మార్కెట్లను సిఫారసు చేసింది. తదనుగుణంగా 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. పత్తి, వేరుశనగ, పొగాకు దాని పరిధిలోని పంటలు. ఆంధ్ర ప్రాంతపు ఈ చట్టానికీ, తెలంగాణలోని హైదరాబాదు మార్కెట్ల చట్టానికీ బదులు 1966లో ఉమ్మడి చట్టం ఏర్పడింది. నోటిఫై చేసిన ప్రాంతంలో క్రయవిక్రయాలకు స్థలాన్ని వినియోగించాలంటే లైసెన్సు తప్పనిసరి అని దాని 7వ సెక్షను నిర్దేశించింది.

పొగాకు విషయంలో రాజ్యం భిన్నమైన మార్గం అనుసరించింది. 1975 చట్టం ద్వారా ఏర్పడి, గుంటూరు కేంద్రంగా పనిచేసే పొగాకు బోర్డు 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వర్జీనియా పొగాకు వేలాన్ని స్వయంగా నిర్వహిస్తున్నది. అనగా మిర్చిలో మధ్యవర్తికి అనుమతి ఇచ్చి అదుపు చేయగా, పొగాకులో మధ్యవర్తి స్థానాన్నే బోర్డు స్వీకరించింది.

ఈ భేదమే లైసెన్సు పరిమితిని తెలుపుతుంది. అది తూకాన్ని, కమీషన్‌ను, లెక్కలను తనిఖీకి తెస్తుంది. కానీ అప్పిచ్చినవాడే సరుకు అమ్మిపెట్టే చోట, రైతు మరొక ఏజెంటును ఎంచుకొనే స్వేచ్ఛను ఏ లైసెన్సూ సమకూర్చలేదు. కనుక మార్కెట్ సంస్కరణల చరిత్రను గ్రామీణ రుణచరిత్రతో కలిపి అధ్యయనం చేయవలసి ఉన్నది.