రెండు పోలవరాలు, ఒక్క గోదావరి

కోనసీమలోని ఐ.పోలవరానికి పేరు మొదట ఉన్న ఆ ఒంటి అక్షరం ఐలాండు అన్న ఆంగ్లపదానికి సంక్షేపము. అనగా ఇది లంక పోలవరము. గౌతమి, వృద్ధగౌతమి అను రెండు గోదావరి పాయల నడుమ ఒండ్రుతో ఏర్పడిన నేలమీద ఈ ఊరు వెలసినది. ఇదే నదిపై, ధవళేశ్వరం ఆనకట్టకు 42 కిలోమీటర్ల ఎగువన, పాపికొండల ఇరుకునుండి గోదావరి మైదానంలోనికి వెలువడేచోట, మరొక పోలవరం కలదు. ఒకటి కొండల వాకిట ఉన్నది, మరొకటి సముద్రపు వాకిట ఉన్నది. ఈ రెండు ఊళ్ళకూ పేరు ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చును. కాని వాటి చరిత్ర మాత్రము ఒకదానితో ఒకటి పెనవేసుకొన్నది. ఎగువ పోలవరం దాటిన కొండలలో జరిగినదేదో తెలియక, దిగువ పోలవరం పొలాల కథను పూర్తిగా చెప్పజాలము.

ఈ మాట ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఉన్నది. పర్యావరణ విద్యను అన్ని తరగతులలోను బోధించవలెనని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించినది. దానిననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం రూపొందించిన పాఠ్యప్రణాళికలో, విద్యార్థి తన ప్రాంతంలోని నదినో, అడవినో, కొండనో స్వయంగా చూచి వివరాలు వ్రాసికొనడం కూడ చేరినది. చదువు తరగతి గడప దాటడము మంచిదే. అయితే నదిని చదువబోయే విద్యార్థి రేవులో నిలిచి నీటిని సీసాలో పట్టి, చేపల పేర్లు వ్రాసికొని వచ్చినంత మాత్రాన చదువు ముగియునా? గోదావరి విషయంలో ముగియదనియే చరిత్ర చెప్పుచున్నది.

గోదావరి నాసిక్ సమీపంలోని త్ర్యంబకమున పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలియుచున్నది. ప్రాణహిత, ఇంద్రావతి దానికి నీటిని, మట్టిని పుష్కలంగా తెచ్చి ఇచ్చును. కూనవరం వద్ద శబరి కలిసిన పిమ్మట నది పాపికొండల మధ్య ఇరుకుదారిని పట్టును. ధవళేశ్వరం దాటిన తరువాత గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి, పాయలు పాయలై సముద్రాన్ని చేరును. కోనసీమ మట్టి అంతయు పాపికొండలదే అనడానికి వీలులేదు. దక్కను పీఠభూమి నల్లరేగడి, బస్తరు అడవుల ఎర్రమన్ను అన్నియు అందులో కలిసియున్నవి. కొన్నివేల సంవత్సరాలుగా వరద తెచ్చిన ఆ ఒండ్రే కొబ్బరితోటకు, వరిచేనుకు పునాది అయినది. ఎగువనున్న కొండలు, అడవులు వాననీటిని ఎట్లు నిలిపినవో, ఎట్లు విడిచినవో, దానినిబట్టియే దిగువ లంకలకు కలిమిలేములు ఏర్పడినవి.

ఆ కొండలలో ఎవరున్నారు? నదికి ఇరువైపుల కొండవాలులపై కొండరెడ్లు, లోయలలో కోయలు తరతరాలుగా నివసించుచున్నారు. కొండరెడ్డి వాలుమీద పొదలను నరికి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లి జొన్న, సామ, కంది పండించును. రెండు మూడు పంటలు తీసిన పిమ్మట ఆ చెక్కను వదలి వేరొకచోటికి పోవును. వదలిన చోట అడవి మరల మొలుచును. దీనికే పోడు అని పేరు. జీలుగుచెట్టు అతనికి కల్లునిచ్చును. తిండి దొరకని రోజులలో దాని మొవ్వలోని పిండి కడుపు నింపును. ఇప్పపువ్వు, చింతపండు, తేనె, కరక్కాయ, అడ్డాకు, జిగురు మొదలైనవి ఋతువును బట్టి చేతికి వచ్చును. ఇక వెదురు సంగతి చెప్పనక్కరలేదు. ఇంటి గోడ వెదురు, గంప వెదురు, విల్లు వెదురు. వర్షాకాలంలో వెదురుకొమ్మే కూర. ఈ వనరులకు కాగితంపై హక్కుపత్రం లేకపోయినను, ఏ గ్రామం ఏ కొండను వాడుకొనవలెనో, ఎప్పుడు విడువవలెనో వారిలో కట్టుబాటు ఉండెను.

ఆ కట్టుబాటులోనికి మైదానపు చట్టం మెట్టుమెట్టుగా ప్రవేశించినది. మొదటి పెద్ద ఘర్షణ కల్లు విషయమై పుట్టడం గమనింపదగినది. రంప మన్సబుదారు విధించిన చిగురుపన్ను, సొంతానికి సైతం కల్లు గీసికొనరాదన్న ఆబ్కారీ నిబంధన, కల్లు గుత్తదారుల దౌర్జన్యము, అప్పుపత్రాలు చూపి కోర్టు డిక్రీలతో గొడ్డుగోదలను తోలుకొనిపోయిన వర్తకుల మోసము, పోలీసుల వసూళ్ళు కలిసి 1879లో రంప పితూరీగా ప్రజ్వరిల్లినవి. జీలుగుచెట్టు మైదానంవారికి పానీయపు చెట్టు మాత్రమే. కొండవారికి అది బ్రతుకుదెరువు. ఒక చెట్టు అర్థం తెలియని చట్టం ఎంతటి అనర్థానికి దారితీయగలదో ఆ పితూరీ చూపినది.

తిరుగుబాటు అణగినదో లేదో, 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చినది. దాని ప్రకారం అడవులు రిజర్వు అడవులైనవి. పోడు, వంటచెరకు, పశువుల మేత అన్నియు అనుమతికి లోబడినవి. పోడువలన కొండలు బోడియగునని అటవీశాఖ వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. విడిచిన చెక్క కోలుకొనడానికి చాలినన్ని ఏండ్లు ఈయకపోతే వాలు కోసుకొనిపోవును. కాని తిరుగడానికి విశాలమైన అడవి ఉన్నప్పుడు చాలినన్ని ఏండ్లు విడువగలిగిన రైతు, హద్దులు గీసిన పిమ్మట అదే చెక్కకు త్వరగా తిరిగి రావలసి వచ్చెను. హద్దు గీసినవారు ఆ సంగతి లెక్కలోనికి తీసికొనలేదు. అదే కాలంలో గుత్తకు ఇచ్చిన కూపులలో గొడ్డళ్ళు ఆగకుండ పనిచేసినవి.

గిరిజనుల భూములు ఇతరులపాలు కాకుండ 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం చేయబడినది. అయినను అడవి ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టిచాకిరి తగ్గలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై జరిగిన దాడుల వెనుక ఈ బాధలే ఉన్నవి. 1924 మే నెలలో రాజు కాల్చిచంపబడడంతో ఆ పోరాటం ముగిసినది. ఆ వీరగాథను మనము తరచు తలచుకొందుము. కాని అది అడవి ఎవరిదన్న ప్రశ్నపై జరిగిన పోరాటమన్న అంశాన్ని అంతగా తలచుకొనము.

ఇక దిగువ సంగతి. 1833 ప్రాంతపు కరవు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ డెల్టాను కుంగదీసినవి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానివలన కాలువలు ప్రవహించినవి, రెండు పంటలు పండినవి, పడవలపై వ్యాపారం పెరిగినది. కాటన్ దొర పేరు నేటికీ గోదావరి ప్రజలు కృతజ్ఞతతో తలచుట న్యాయమే. అయితే ఆ ఐశ్వర్యానికి ఒక మూల్యం కూడ ఉన్నది. పుస్తెలమ్మి అయినా తినవలెనని జనులు చెప్పుకొనే పులస, వరదనీటి వాసన పట్టి సముద్రంనుండి నదికి ఎదురీది వచ్చి గుడ్లుపెట్టును. నదికి అడ్డముగా కట్టిన ఆనకట్టలు ఇట్టి చేపల రాకపోకలకు ఏ విధంగా అడ్డమగుచున్నవో ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1873 నాటికే తన నివేదికలో వివరించెను. అనగా ఈ హెచ్చరికకు నూటయేభై ఏండ్లు దాటినవి.

పల్లపు పట్టణాలు పెరిగినకొలది కొండ వెదురుకు గిరాకి పెరిగినది. వెదుళ్ళను నరికి, తెప్పలుగా కట్టి, గోదావరి మీదుగా రాజమహేంద్రవరానికి తేల్చుకొని వచ్చెడివారు. నదియే రహదారి, నీరే కూలి లేని బండి. కాని నరికినవాని చేతికి వచ్చినదెంత? ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త 1940 తరువాతి తొలి సంవత్సరాలలో పాపికొండల రెడ్ల నడుమ నివసించి, 1945లో వారిపై గ్రంథం ప్రకటించెను. కలప వర్తకులు ముందుగా ధాన్యమో రొక్కమో అప్పిచ్చి, తీరని లెక్కలతో కొండవారిని కూపులలో పనికి కట్టివేయడం ఆయన చూచి వ్రాసెను. కొండవారి ఆచారాలు పరిశీలింపబోయిన పండితునికి ఆచారాల ప్రక్కనే అప్పుల చిట్టా కనబడినది. ఆయన రెంటినీ నమోదు చేయడమే క్షేత్రపరిశీలన చేయదలచిన విద్యార్థికి ఉత్తమమైన పాఠం.

స్వాతంత్ర్యానంతరం కొన్ని సవరణలు జరిగినవి. అటవీఫలసాయాన్ని దళారి లేకుండ కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో బిగించి, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య భూముల బదిలీని కూడ నిషేధించినారు. 2006 నాటి అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీఫలసాయంలో చేర్చి, దానిని సేకరించి అమ్ముకొనే హక్కు అడవివాసులదని స్పష్టపరచినది. 1882 నుండి 2006 వరకు నూటయిరువదినాలుగు ఏండ్లు! కొండరెడ్డి ఇంటిగోడలోని వెదురు అతనిదేయని చట్టం ఒప్పుకొనడానికి పట్టిన కాలమిది.

ఇంతలో మరొక పెద్ద ప్రశ్న ఎదురైనది. మద్రాసు ప్రభుత్వ ఇంజనీరు ఎల్.వెంకటకృష్ణ అయ్యరు 1941లో రామపాదసాగరమను పేరుతో పోలవరం వద్ద జలాశయాన్ని ప్రతిపాదించెను. గోదావరి జలవివాద న్యాయస్థానం 1980లో తీర్పిచ్చినది. 2014లో పోలవరం జాతీయప్రాజెక్టుగా ప్రకటింపబడినది. ముంపువలన కదలవలసిన కుటుంబాలు లక్షకు పైబడినవని ప్రభుత్వ లెక్క. వారిలో కోయలు, కొండరెడ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. డెల్టాకు నీరు కావలెను, విద్యుత్తు కావలెను, దానిని కాదనలేము. ఇంటికి బదులు ఇల్లు, ఎకరానికి బదులు ఎకరం లెక్కకట్టవచ్చును. జీలుగుచెట్టుకు, తేనెకొండకు, ఏ వాగున ఏ నెలలో ఏ చేప దొరకునో తెలిసిన తెలివికి లెక్క ఎట్లు కట్టవలెను? ఈ ప్రశ్నకు ఇంజనీరు ఒక్కడే సమాధానం చెప్పలేడు.

దిగువన నది కూడ తన లెక్క తాను చెప్పుచున్నది. 1976లో పూర్తియైన జాయక్‌వాడి, ఆ పిమ్మట శ్రీరాంసాగరం మొదలైన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవుచున్నది. 1970 తరువాతి దశాబ్దంతో పోల్చితే, 1990 తరువాతి దశాబ్దంలో సముద్రాన్ని చేరిన గోదావరి ఒండ్రు సగానికి మించి తగ్గినదనియు, తీరం కోతకు గురియగుచున్నదనియు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు వెల్లడించినారు. భైరవపాలెం వద్ద గౌతమి ముఖద్వారాన్ని, దాని ఉత్తరాన కోరంగి మడ అడవులను చూచిన విద్యార్థికి ఈ మాట విలువ తెలియును. మడచెట్టు ఉప్పునీటికి, తీపినీటికి సంధికాలంలో బ్రతికేది. దాని వేళ్ళ సందున రొయ్యపిల్ల, పీతపిల్ల పెరుగును. పైనుండి మన్ను, మంచినీరు వేళకు రాకపోతే ఆ సంధి చెడును. అట్లని వరద ఎప్పుడును వరమే అనరాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినపుడు లంకవాసులు పడిన కష్టాలు మరువరానివి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చినది. నది విషయంలో అతిగా రావడము, అసలు రాకపోవడము రెండును కీడే.

కనుక ఐ.పోలవరంలో నదిని చదువబోయే విద్యార్థి భైరవపాలెంలో జాలరులతో మాటలాడి మొదలుపెట్టి, ఎగువకు సాగిపోవలెను. ఇక్కడ ఏ చేప తగ్గినది, ఏ యేట మొగ పూడినది, ఉప్పు ఎంతవరకు ఎగదన్నినది అని అడుగవలెను. ధవళేశ్వరం వద్ద నీటిలెక్క చూడవలెను. తరువాత పాపికొండలు ఎక్కి, ఏ చెట్టు ఎవరికి తిండి, ఏ అడవి ఎవరి అధీనంలో ఉన్నది, తరలివచ్చిన కాలనీలో ఏమి దొరకుటలేదు అని అడుగవలెను. అడిగిన దానిని తమ మాటలలో గాక, చెప్పినవారి మాటలలోనే వ్రాసికొనవలెను. కోయభాషలో, కొండరెడ్ల పలుకుబడిలో ఉన్న చెట్ల పేర్లు, చేపల పేర్లు ఆ ఊళ్ళు చెదరకముందే పుస్తకానికెక్కవలెను. ఎందుకనగా ఊరు కదిలిన తరువాత ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఉన్నను, చూపడానికి ఆ చెట్టు ఉండదు.

నూటయేభై ఏండ్లుగా కొండను గూర్చిన నిర్ణయాలు మైదానంలో జరిగినవి, వాటి ఫలితాన్ని కొండవారు అనుభవించినారు. ఇప్పుడు ఒండ్రు తగ్గి, తీరం కోసుకొనిపోయి, ఆ నిర్ణయాలలో కొన్నింటి ఫలితం సముద్రపు ఒడ్డున ఉన్న లంకకు కూడ చేరుచున్నది. లంకలో పుట్టిన బిడ్డ కొండ కథ తెలిసికొనడము ఇకమీదట దయాధర్మం కాదు. తన కాలిక్రింది నేలను గూర్చిన స్వంత చదువు.