మాస్టారిని వెతుక్కుంటూ వచ్చిన శిష్యుడు
లాహోరు కళాశాలలు, దేశ విభజన, పూర్వ విద్యార్థులు



మీకు ఎక్కాలు నేర్పిన మాస్టారి పేరు గుర్తుందా? ఆయన ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో తెలుసా? మొదటి ప్రశ్నకు మీలో చాలామంది వెంటనే జవాబు చెబుతారు. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఈనాటి మన పాఠం ఆ రెండో ప్రశ్న గురించే.

పదో తరగతి పూర్తయి పాతికేళ్లో ముప్పై ఏళ్లో గడిచాక పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరుపుకోవడం మన ఊళ్లలో ఇప్పుడు మామూలైంది. పాత బడి ఆవరణలో షామియానా వేస్తారు. ఉపాధ్యాయులను పిలిచి శాలువా కప్పుతారు. అందరూ కలిసి గ్రూప్ ఫోటో దిగుతారు. బడి అక్కడే ఉంటుంది, మాస్టారు ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటారు కాబట్టి ఇదంతా సాధ్యమవుతుంది. మరి బడి ఒక దేశంలో, మాస్టారు ఇంకో దేశంలో, శిష్యుడు మూడో దేశంలో ఉంటే? వాటి మధ్య యుద్ధాలు జరిగిన సరిహద్దు ఉంటే? 1947లో మన ఉపఖండంలో ఎంతోమంది విద్యార్థులకు సరిగ్గా ఇదే జరిగింది. చరిత్ర పుస్తకాల్లో విభజన గురించి చదివేటప్పుడు ఊళ్లు, ఇళ్లు, పొలాలు, ప్రాణాలు పోయిన సంగతి చదువుతాం. తరగతి గదులు కూడా పోయాయన్న సంగతి అంతగా తలచుకోం.

చదువుల ఊరు లాహోరు

విభజనకు ముందు పంజాబులో ఉన్నత చదువు అంటే లాహోరు. అక్కడ 1864లో గవర్నమెంట్ కాలేజీ మొదలైంది. 1882లో పంజాబ్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీ, ఇస్లామియా కాలేజీ, డి.ఎ.వి. కాలేజీ, సనాతన ధర్మ కాలేజీ, ఇలా వివిధ వర్గాలవారు నెలకొల్పిన కళాశాలలన్నీ ఆ నగరంలోనే ఉండేవి. విశ్వవిద్యాలయం ఒక్కటే, పరీక్షలూ ఒక్కటే. హిందూ విద్యార్థికి ముస్లిం అధ్యాపకుడు, ముస్లిం విద్యార్థికి హిందూ అధ్యాపకుడు పాఠం చెప్పడంలో వింత ఏమీ లేదు.

చీనాబ్ నదీ ప్రాంతంలోని ఝంగ్ అనే చిన్న పట్టణంలో పెరిగిన ఒక కుర్రవాడు 1940లో మెట్రిక్యులేషన్ పరీక్ష రాశాడు. అప్పటికి అతనికి 14 ఏళ్లు. పంజాబ్ విశ్వవిద్యాలయంలో అంతవరకు ఎవరికీ రానన్ని మార్కులు అతనికి వచ్చాయి. సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తుంటే పట్టణమంతా ఎదురొచ్చి స్వాగతం చెప్పింది. ఆ కుర్రవాడే అబ్దుస్ సలాం. తర్వాత ఉపకార వేతనంతో లాహోరు గవర్నమెంట్ కాలేజీలో చేరాడు.

రామానుజన్ లెక్క

ఆ కాలేజీలో గణిత శాఖకు పెద్ద సర్వదమన్ చావ్లా. సంఖ్యా సిద్ధాంతంలో పేరుపొందిన పండితుడు. మన తెలుగువారికీ ఆయనతో సంబంధం ఉంది. లాహోరు వెళ్లకముందు 1933 నుంచి 1936 వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన గణితం బోధించారు. కేంబ్రిడ్జిలో లిటిల్‌వుడ్ దగ్గర పరిశోధన చేసి వచ్చినవారు. ఆ లిటిల్‌వుడ్ శ్రీనివాస రామానుజన్‌ను కేంబ్రిడ్జిలో దగ్గరగా ఎరిగినవాడు.

ఒకప్పుడు రామానుజన్ పరిష్కరించిన ఒక లెక్క చావ్లా తరగతిలో సలాం ముందుకు వచ్చింది. తెలియని రాశులు నాలుగు. మొదటిదాని వర్గం, రెండోదానికి ఒక స్థిర సంఖ్య కలిపితే వచ్చేదానికి సమానం. రెండోదాని వర్గం మూడోదానికి అదే సంఖ్య కలిపితే వచ్చేదానికి సమానం. ఇలా వెళ్లి నాలుగోది తిరిగి మొదటిదానితో ముడిపడుతుంది. వినడానికి సులువుగా ఉన్నా, విడదీయడం మొదలుపెడితే చిక్కుపడుతుంది. సలాం దానికి రామానుజన్ పద్ధతి కన్నా పొట్టి దారి కనిపెట్టాడు. అది 1943లో భారత గణిత సంఘం వారి 'మాథమాటిక్స్ స్టూడెంట్' పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 17 ఏళ్లు. ఆయన మొదటి పరిశోధన వ్యాసం అదే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కుంభకోణంలో పెరిగిన రామానుజన్, కేంబ్రిడ్జి గురువు లిటిల్‌వుడ్, వాల్తేరులో పనిచేసి వెళ్లిన చావ్లా, ఝంగ్ నుంచి వచ్చిన సలాం. చదువు ఇలా చేతులు మారుతూ వస్తుంది. ఒక్క చేయి జారినా గొలుసు తెగుతుంది.

లాహోరులో సలాంకు గణితం మీద ప్రేమ కలిగించిన మరో గురువు అనిలేంద్ర గంగూలీ. ఆయన సనాతన ధర్మ కాలేజీ అధ్యాపకులు, బెంగాలీ. ఆయన పేరుతో సూత్రాలు, సిద్ధాంతాలు ఏవీ లేవు. పాఠం చెప్పారు, అంతే. మన కథకు ముఖ్యుడు ఆయనే.

చెదిరిపోయిన తరగతి గది

1946లో సలాం పై చదువుకు కేంబ్రిడ్జి వెళ్లారు. మరుసటి ఏడాది ఆగస్టులో దేశం రెండయింది. కోటి మందికి పైగా సరిహద్దు దాటారు. లాహోరు పాకిస్తానుకు చెందింది. అక్కడి హిందూ, సిక్కు అధ్యాపకులు దాదాపుగా అందరూ వెళ్లిపోయారు. చావ్లా అమెరికా చేరారు. గంగూలీ కలకత్తా చేరారు.

మనుషులే కాదు, కళాశాలలు కూడా కాందిశీకులయ్యాయి. సనాతన ధర్మ కాలేజీని భారతదేశంలోని అంబాలా కంటోన్మెంటులో మళ్లీ తెరిచారు. ఈనాటికీ దాని పేరు చివర లాహోరు అన్న మాట ఉంది. తూర్పు పంజాబుకు విడిగా ఏర్పడిన విశ్వవిద్యాలయం మొదట సోలన్‌లో పనిచేసి, తర్వాత చండీగఢ్‌కు చేరింది. భవనం ఒకచోట, పేరు మరొకచోట, గురువులు ఇంకెక్కడో. అప్పటి విద్యార్థి తన కాలేజీని చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

1951లో సలాం తాను చదివిన గవర్నమెంట్ కాలేజీకే అధ్యాపకుడిగా తిరిగి వచ్చారు. పాత భవనాలు అలాగే ఉన్నాయి. పాత గురువులు చాలామంది లేరు. పరిశోధన గురించి మాట్లాడుకోవడానికి తోడు లేదు. పాఠాలతో పాటు కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బాధ్యత కూడా ఆయనకు అప్పగించారు. దేశంలో ఉండి పరిశోధన వదులుకోవాలా, పరిశోధన కోసం దేశం వదలాలా అన్న ప్రశ్న ఎదురైంది. 1954లో ఆయన మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లిపోయారు. ఆ నిర్ణయం తనను చాలా ఏళ్లు బాధించిందని ఆయన తర్వాత చేసిన పనులే చెబుతాయి.

1981, కలకత్తా

1979లో షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్‌లతో కలిసి సలాంకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విద్యుదయస్కాంత బలం, బలహీన కేంద్రక బలం, ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవని చెప్పే సిద్ధాంతానికి ఇచ్చిన బహుమతి అది. స్టాక్‌హోమ్ సభకు ఆయన తలపాగా చుట్టుకుని, పంజాబీ సంప్రదాయ దుస్తుల్లో వెళ్లారు.

బహుమతి వచ్చాక ఆయన భారత ప్రభుత్వానికి ఒక విన్నపం చేశారు. లాహోరులో తనకు గణితం చెప్పిన అనిలేంద్ర గంగూలీ ఎక్కడున్నారో కనిపెట్టి చెప్పమని కోరారు. ఆ రోజుల పరిస్థితి ఏమిటో చూడండి. రెండు దేశాల మధ్య 1965లో, 1971లో యుద్ధాలు జరిగాయి. తెగిపోయిన దౌత్య సంబంధాలు 1976లోనే తిరిగి మొదలయ్యాయి. పాకిస్తాన్ పౌరుడైన ఒక శాస్త్రవేత్త, ముప్పై ఏళ్లకు పైగా జాడ తెలియని గురువు కోసం భారత ప్రభుత్వాన్ని అడిగాడు. ప్రభుత్వం వెతికింది. ఆయన కలకత్తాలో ఉన్నారని తేలింది.

1981 జనవరిలో సలాం భారతదేశం వచ్చినప్పుడు కలకత్తాలో గంగూలీ ఇంటికి వెళ్లారు. గురువుగారు వృద్ధులై, మంచం పట్టి ఉన్నారు. లేచి పలకరించే ఓపిక కూడా లేదు. సలాం నోబెల్ పతకాన్ని తీసి ఆయనకు అందించారు. మీరు చెప్పిన చదువు వల్ల, మీరు నాలో కలిగించిన గణిత ప్రేమ వల్ల వచ్చిందిది, ఇది మీదే అన్నారు.

ఈ సంఘటన చెప్పినప్పుడు విద్యార్థులు సాధారణంగా పతకం గురించే మాట్లాడతారు. నేను మీ దృష్టిని మరోవైపు మళ్లిస్తాను. మాస్టారు అప్పటికి బతికే ఉన్నారు. ఇంకొంత కాలం ఆలస్యమైతే ఏమయ్యేదో ఊహించుకోండి. సరిహద్దులు, యుద్ధాలు, వీసాలు అడ్డుపడినా వాటికి దారి దొరుకుతుంది. వయసుకు మాత్రం దారి లేదు.

మరికొందరు

విభజన చెదరగొట్టిన విద్యార్థులు తమ బడులతో సంబంధాన్ని ఒక్కొక్కరు ఒక్కో తీరున నిలుపుకున్నారు.

1968లో నోబెల్ పొందిన హరగోవింద్ ఖొరానా పుట్టింది ముల్తాన్ జిల్లాలోని రాయ్‌పూర్ అనే పల్లెలో. అక్షరాభ్యాసం చెట్టు కింద జరిగింది. ముల్తాన్ డి.ఎ.వి. హైస్కూలులో తనను ప్రభావితం చేసిన రతన్ లాల్ గారి పేరునూ, లాహోరులో ప్రయోగాలు నేర్పిన మహాన్ సింగ్ గారి పేరునూ ఆయన తన నోబెల్ జీవిత పరిచయంలో రాసుకున్నారు. ఆ బడికి వెళ్లే దారి లేకపోయినా ఆ గురువుల పేర్లు అక్షరాల్లో నిలిచాయి.

నటుడు దేవ్ ఆనంద్ లాహోరు గవర్నమెంట్ కాలేజీ పట్టభద్రులు. 1999 ఫిబ్రవరిలో ప్రధాని వాజ్‌పేయి లాహోరు బస్సులో వెళ్లినప్పుడు ఆయన కూడా వెళ్లి, అర శతాబ్దం తర్వాత తన కాలేజీలో అడుగుపెట్టారు.

ప్రధానమంత్రిగా పనిచేసిన మన్మోహన్ సింగ్ బాల్యం పంజాబులోని గా అనే పల్లెలో గడిచింది. అక్కడి ప్రాథమిక పాఠశాల ప్రవేశాల రిజిస్టరులో ఆయన పేరు భద్రంగా ఉంది. ఆయన అక్కడికి తిరిగి వెళ్లలేకపోయారు. కానీ 2008లో ఆయన చిన్ననాటి సహాధ్యాయి ఒకరు ఊరి మట్టి, నీళ్లు పట్టుకుని ఢిల్లీ వచ్చి కలిశారు. వెళ్లలేని వాడి దగ్గరికి బడే వచ్చింది.

రుణం ఎటు తీరుతుంది?

సలాంకు తన దేశంతో సంబంధం సాఫీగా సాగలేదు. ఆయన అహ్మదీయ వర్గానికి చెందినవారు. 1974లో పాకిస్తాన్ పార్లమెంటు ఆ వర్గాన్ని ముస్లిమేతరులుగా ప్రకటించింది. అయినా ఆయన పాకిస్తాన్ పౌరసత్వం వదులుకోలేదు.

1964లో ఇటలీలోని త్రియెస్తేలో ఆయన అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పారు. పేద దేశాల కళాశాలల్లో ఒంటరిగా పనిచేసే అధ్యాపకులు అప్పుడప్పుడూ వచ్చి, కొన్నాళ్లు ఉండి, కొత్త విషయాలు తెలుసుకుని తిరిగి తమ ఊరికే వెళ్లేలా అక్కడ ఒక ఏర్పాటు చేశారు. 1968లో తనకు వచ్చిన 'శాంతి కోసం అణువులు' బహుమతి సొమ్మును పాకిస్తానీ యువ భౌతికశాస్త్రవేత్తలు అక్కడికి రావడానికి కేటాయించారు. లాహోరులో 1951లో తనకు ఎదురైన ఆ ప్రశ్న మరో అధ్యాపకుడికి ఎదురు కాకూడదన్నది ఆయన ఉద్దేశం. ఆయన 1996లో మరణించారు. మరుసటి ఏడాది ఆ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. భారతదేశం నుంచి, మన విశ్వవిద్యాలయాల నుంచి కూడా ఎందరో అక్కడికి వెళ్లి వస్తుంటారు.

కాబట్టి పాత బడితో సంబంధానికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి వెనక్కి చూసేది: గురువు దగ్గరికి వెళ్లడం. రెండోది ముందుకు చూసేది: ఆయన చేసిన పనిని కొనసాగించడం. రెండోది ఉంది కదా అని మొదటిదాన్ని వాయిదా వేయకూడదు.

ఇది నా అనుభవంతో చెబుతున్న మాట. నేను మొదటిసారి టీవీలో పాఠం చెప్పిన వారంలో, జిల్లా పరిషత్ హైస్కూలులో నాకు లెక్కలు చెప్పిన మాస్టారికి రాద్దామని ఇన్‌లాండ్ లెటరు కొన్నాను. పరీక్షలు, పేపర్లు దిద్దడం, బదిలీలు, ఏదో ఒక సాకు. ఉత్తరం రాయలేదు. కొన్నేళ్ల తర్వాత ఒక వేసవిలో వాళ్ల ఊరు వెళ్లేసరికి ఆయన లేరు. అమ్మగారు మంచినీళ్లు ఇచ్చి, "ఏ సంవత్సరం బ్యాచి నాయనా?" అని అడిగారు. చెప్పాను. ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. మా ఇద్దరి ఊళ్ల మధ్య ఏ సరిహద్దూ లేదు. బస్సులో మూడు గంటల ప్రయాణం.

మీరు చేయవలసిన పని

1. మీ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులలో ఒకరి చిరునామా కనుక్కోండి. వెళ్లి కలవండి. వీలుకాకపోతే ఉత్తరం రాయండి.

2. వారు ఏ సంవత్సరంలో ఉద్యోగంలో చేరారు, మొదటి జీతం ఎంత, తరగతిలో ఎంతమంది ఉండేవారు, మధ్యలో బడి మానేసినవారు ఎవరు, ఎందుకు మానేశారు అని అడిగి రాసుకోండి. ప్రవేశాల రిజిస్టరు, పాత గ్రూప్ ఫోటో, ఉపాధ్యాయుల జ్ఞాపకాలు, ఈ మూడూ మీ ఊరి చరిత్రకు ఆధారాలు.

3. మీ తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మలను వారి మొదటి గురువు పేరు అడగండి. ఆ పేరును ఒక కాగితం మీద రాసి తేదీ వేయండి. మీరు రాయకపోతే అది ఇంకెక్కడా ఉండకపోవచ్చు.