పెంచిన పందెం

సంక్రాంతికి మా గోదావరి వైపు అరుగుల మీద పేకలు పడ్డాయంటే ఒక మాట వినిపించి తీరుతుంది: "ఈసారి రెట్టింపు!" అనేది గెలిచినవాడు కాదు, పోగొట్టుకున్నవాడు.

ఇదేం కొత్త జబ్బు కాదు లెండి. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కోరికపై నన్నయగారు రాజమహేంద్రవరంలో తెలుగు చేసిన సభాపర్వం చూడండి. ధనం పోయాక తమ్ముళ్ళు, ఆపైన తాను, ఆఖరికి ద్రౌపది. ఓడినకొద్దీ ధర్మరాజు పందెం పెంచాడు.

1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే అమెరికా లెక్కల మాస్టారు బ్లాక్‌జాక్ పేకాట మీద పుస్తకం రాశాడు. పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకో. కట్టలో పదులూ, బొమ్మలూ, ఆసులూ ఎక్కువ మిగిలితే పందెం పెంచు, చిన్నముక్కలు మిగిలితే తగ్గించు అన్నాడు. మనకెంత పోయిందో ముక్కలకేం తెలుసు?

మా మేనమామకి ఈ లెక్క తెలీదు. ఒక భోగి రాత్రి అత్తయ్య గాజులు తాకట్టుకి వెళ్ళాయి. ఆవిడ ఏడవలేదు. "నన్నడిగారా?" అంది, అంతే.

ముందు తన్నోడాడా, నన్నోడాడా అని నిండుసభలో ద్రౌపది అడిగితే భీష్ముడంతటివాడే తేల్చలేకపోయాడు. ఇక మా మామయ్యేం చెబుతాడు!